దిమ్మ లేని ముసుగు

యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో వర్క్‌షాప్ చూసుకునే వులీ గెడెస్‌ది సంతకాల విషయంలో ఒక ప్రత్యేకమైన పద్ధతి. పని అయిన రోజున అడగడు. మూడు నాలుగు నెలలు ఊరుకుని, ఏ మర మేకు కోసమో వచ్చిన మనిషిని తలుపు దగ్గరే నిలేసి, పాత పనుల చీటీలన్నీ ఒక్కసారిగా ముందు పరుస్తాడు. మే నెలాఖరు గురువారం పొద్దున ఎనిమిదింటికి డాక్టర్ ఐల్సా కినీర్ ఒక చిన్న స్పానర్ కోసం వెళ్ళి అలాగే దొరికిపోయింది.

"స్పానర్ ఎక్కడికీ పోదు డాక్టరమ్మా. ముందు ఈ ఏడు చీటీల మీద నీ అమూల్యమైన సంతకం పడెయ్యి."

"చదవకుండా పెట్టొచ్చా?"

"ఇన్నేళ్ళూ చదివే పెట్టావా ఏంటి?"

ఐల్సా నవ్వి, చీటీలని గోడకి ఆనించి చకచకా సంతకాలు చేసింది. అయిదో చీటీ దగ్గర చెయ్యి ఆగింది. వులీ చేతిరాత పెద్ద పెద్ద అక్షరాలతో బడిపిల్లల రాతలా ఉంటుంది కనుక పొరపాటుగా చదివే అవకాశం కూడా లేదు. "రాగి దిమ్మ. పై అంచు పలకకి గీరుకుంటోంది. అర మిల్లీమీటరు తీయాలి. తీసుకున్నది: మంగళవారం, ఫిబ్రవరి 11 సాయంత్రం. తిరిగి పెట్టినది: శుక్రవారం, ఫిబ్రవరి 14."

"వులీ, ఈ తేదీలు నిజమేనా? తర్వాతెప్పుడో గుర్తున్నట్టు రాశావా?"

"నా పెళ్ళిరోజు మర్చిపోతాను గానీ పని తేదీ మర్చిపోను. కావాలంటే మా ఆవిణ్ణి అడుగు. ఆ శుక్రవారం ప్రేమికుల రోజు. నీ దిమ్మని దాని గూట్లో కూర్చోబెట్టి పువ్వుల కొట్టుకి పరిగెత్తాను. కార్నేషన్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఇప్పటికీ సాధిస్తోంది."

"మరి తీసినప్పుడు పైన ఫోమ్ బిళ్ళ?"

"మళ్ళీ మూసే వెళ్ళాను. వలయాల్లో దుమ్ము పడితే నువ్వు ఊరుకుంటావా?"

ఐల్సా సంతకం చేసింది. స్పానర్ తీసుకోవడం మర్చిపోయి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి కారిడార్‌లోకి వచ్చింది. అక్కడ గోడ మీద, అందరూ వచ్చీపోయే చోట, ఆమె కొలిచిన బొమ్మ రంగుల్లో అచ్చై వేలాడుతోంది. కింద మూలన చిన్న అక్షరాల్లో తేదీ: ఫిబ్రవరి 12, బుధవారం.

ఆ బొమ్మ సంగతి చెప్పాలంటే ముందు ఆ ల్యాబ్‌లో వాళ్ళు చేసే పని చెప్పాలి. రెండు అల్యూమినియం పలకలు, ఒక్కొక్కటీ భోజనాల బల్లంత. కిందిది కదలదు, పైది కప్పీకి వేలాడుతుంది. రెండిటి మధ్యా వేలెడు సందు. ఆ సందులోకి ఒక పక్క నుంచి మైక్రోవేవ్ తరంగాలు పంపుతారు. ఒక సన్నటి యాంటెన్నా అడుగడుక్కీ ఆగి తరంగం ఎలా ఉందో రాసుకుంటూ పోతుంది. ఆరు గంటలకి పైనే పడుతుంది. మధ్యలో చిన్న జామ్ సీసా చుట్టుకొలత గల రాగి దిమ్మ పెడితే దాని వెనక నల్లటి నీడ పడుతుంది, వాగులో రాయి వెనక నీళ్ళు చెదిరినట్టు. ఆ దిమ్మ చుట్టూ సరైన వలయాలు అమర్చితే తరంగం దిమ్మని తాకకుండా చుట్టు తిరిగి వెళ్ళి, అవతల పక్క ఏమీ ఎరగనట్టు కలుసుకుంటుంది. దిమ్మ ఉన్నా లేనట్టే. ఆ వలయాల పేరు ముసుగు.

వలయాలు ఎలా ఉండాలో చెప్పేది నిరూపక పరివర్తన. పేరుకి బరువే గాని, గారె తట్టి మధ్యలో వేలు పెట్టిన ఏ ఇల్లాలికైనా అది తెలిసిన సంగతే. ఖాళీ స్థలం మీద గళ్ళు గీశారనుకోవాలి. మధ్యలో ఒక చుక్కని వేలితో పొడిచి కన్నంగా వెడల్పు చేస్తే గళ్ళ గీతలు కన్నం చుట్టూ వంగుతాయి. తరంగం ఆ వంగిన గీతల వెంటే పోవాలంటే అక్కడ ఎలాంటి పదార్థం ఉండాలో లెక్క చెబుతుంది. అయితే గారెలో కన్నం చేసినప్పుడు పిండి మాయమైపోదు, చుట్టూ చేరి మందమవుతుంది. గీతలు ఎటు వంగాయో చూస్తే చాలదు, ఒక్కో గడి ఎంత నలిగిందో, ఎంత సాగిందో కూడా చూసి దాంతో భాగించాలి. గుండ్రటి ముసుగుకి ఈ సూత్రం అందరికీ కంఠతా వచ్చు. ఐల్సా తలపెట్టినది గుడ్డు ఆకారపు ముసుగు, ఎవరూ చేయనిది. సూత్రం తనే కట్టుకుంది.

కంప్యూటర్‌లో చూసినప్పుడు కాస్త నీడ కనిపించింది. జల్లెడ కన్నాలు పెద్దవైపోయినట్టు, కంప్యూటర్‌కి ఇచ్చిన గళ్ళు ముతకవని సరిపెట్టుకుంది. తర్వాత కొలిచి చూస్తే నీడ లేదు. చెప్పిన లెక్క కన్నా చేసిన పని బాగా వచ్చిందంటే ఆ వృత్తిలో ఎవరికైనా కంగారు పుట్టాలి. ఐల్సాకి సంతోషం పుట్టింది. మళ్ళీ ఒకసారి కొలిచి ఉండవలసింది. బాగా వచ్చినదాన్ని మళ్ళీ ముట్టుకోవడం ఎందుకని ఊరుకుంది.

ఇప్పుడు ల్యాబ్ పుస్తకం తీసి ఫిబ్రవరి పేజీలు చూసింది. మంగళవారం మధ్యాహ్నం దిమ్మ పెట్టి, చుట్టూ వలయాలు అమర్చి, కదలకుండా పైన తెల్లటి ఫోమ్ బిళ్ళ కప్పింది తనే. తరంగాలకి ఆ ఫోమ్ ఉన్నట్టే తెలియదు. కంటికి మాత్రం దాని వెనక ఏముందో కనబడదు. అంచు గీరుకుంటోందనీ, వీలైనప్పుడు సరిచేయమనీ వులీకి చీటీ రాసి పెట్టిందీ తనే. వులీకి ఆ సాయంత్రమే వీలైంది. బుధవారం పొద్దున ఆమె పై పలక దింపింది. పుస్తకంలో తన రాతే: "నిన్నటి అమరికే. బిళ్ళ కదపలేదు."

ఖాళీ ముసుగు లోపల ఏమీ కనిపించలేదని ఆరుగురు కలిసి చప్పట్లు కొట్టారు.

ఇంతవరకైతే సిగ్గుపడి, సరిదిద్దుకుని, నలుగురిలో ఒకసారి తల దించుకుంటే పోయేది. మైరీ టల్లక్ లేకపోతే.

మైరీ ఇరవై మూడేళ్ళు సముద్ర పటాల కార్యాలయంలో పని చేసిన మనిషి. గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరచడం, పరిచినప్పుడు ఏ తీరం ఎంత సాగిందో లెక్క కట్టడం ఆమె బతుకు. నలభై తొమ్మిదో ఏట ఉద్యోగం మానేసి, పిల్లల వయసు వాళ్ళ పక్కన కూర్చుని డాక్టరేట్ చేయడానికి వచ్చింది. ఐల్సా ఆమెకి రెండో గైడు, వయసులో పదేళ్ళు చిన్న. మార్చిలో ఒక గురువారం టీ దగ్గర మైరీ కళ్ళజోడు ముక్కు మీదకి జారవిడిచి అడిగింది.

"ఐల్సా, నీ గళ్ళు వంగాయి సరే. ఒక్కో గడి వైశాల్యం కూడా మారింది కదా. దాంతో భాగించినట్టు లేదే?"

"ఇది సముద్ర పటం కాదు మైరీ. గోడ మీద బొమ్మ చూశారు కదా? దిమ్మ లోపల కూర్చుని ఉంది, బయట నీడ లేదు. మీ లెక్కకి నచ్చలేదని తరంగాలకి వెళ్ళి చెప్పమంటారా?"

గదిలో అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది రోరీ, పక్క బల్ల కుర్ర శాస్త్రవేత్త. మైరీ కూడా నవ్వింది, అందరూ నవ్వాక.

ఆ గుంపుకి ఒక ఆచారం ఉంది. ముప్పై ఏళ్ళ కిందట ప్రొఫెసర్ లోరిమర్ పెట్టినది. ఎవరి తప్పు బయటపడితే వాళ్ళు తర్వాతి గురువారం టీకి తమ చేత్తో చేసిన కేకు తేవాలి. కొన్నది పనికిరాదు. అందరి ముందూ నిలబడి తప్పేమిటో చెప్పి, ఆ తర్వాతే కత్తి పెట్టాలి. తప్పుని భయపడి దాచుకోకుండా తిని అరిగించుకోవాలని ఆయన ఉద్దేశం. పదకొండేళ్ళలో ఐల్సా ఒక్కసారి కూడా కేకు తేలేదు. తనకి వంట రాకపోవడమే కారణమని నవ్వుతూ అనేది, కాదని అందరికీ తెలిసేలా.

మరుసటి గురువారం మైరీ అల్లం కేకు తెచ్చింది. నిలబడి, "భాగించకూడని చోట భాగించాను," అంది. ఐల్సా రెండు ముక్కలు తింది, వెన్న రాసుకుని మరీ. ఎలా చేశారో రాసిమ్మని కూడా అడిగింది. మైరీ రాసిచ్చింది.

ఆ తర్వాత రెండు నెలలు మైరీ తన సరైన లెక్కలో తప్పు వెతుక్కుంది. దొరకలేదు. లేనిది ఎలా దొరుకుతుంది? కిందటి వారం చెప్పింది, చదువు మానేస్తున్నానని. పటాల కార్యాలయంలో వారానికి మూడు రోజుల పని ఇస్తామన్నారట.

పుస్తకం మూసి ఐల్సా పై పలక ఎత్తింది. ఫోమ్ బిళ్ళ తీసి చూసింది. దిమ్మ ఉంది. నమ్మకం చాలక వేలితో తట్టి చూసింది. చల్లగా ఉంది. పలక దింపి కొలత మొదలుపెట్టింది.

తెర మీద రంగులు ఒక్కో వరసే వచ్చాయి. పదకొండింటికి నీడ అంచు కనిపించింది. పన్నెండింటికి అది నీడేనని తేలిపోయింది. ఒంటిగంటకి, అల్యూమినియం మీద ఎవరో బొగ్గుతో గీసినట్టుంది.

రోరీ తలుపులోంచి తల పెట్టాడు. "ఏంటి, కొత్త ముసుగా?"

"కాదు, యాంటెన్నా సరిచూస్తున్నాను."

"గోడ మీదది సరిపోలేదా, ఇంకా సరిచూడ్డానికి?" అని ఈల వేసుకుంటూ పోయాడు.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఐల్సా ఆశ్చర్యపోయింది. మొదటిది దాటాక మిగిలినవి తమంతట తామే వచ్చి వరసలో నిలబడ్డాయి. సెలవుల్లో వలయాలు కొత్తగా చేయించవచ్చు. "మెరుగుపరచిన నమూనా" అని ఒక వ్యాసం రాయవచ్చు. కృతజ్ఞతల్లో మైరీ టల్లక్ పేరు వేయవచ్చు, మొదటి పేరుగా కూడా. వులీ చీటీల పెట్టె ఎవరు చూస్తారు? ఇలా ఆలోచిస్తున్నది తానేనని తెలిసినా ఆలోచన ఆగలేదు.

మూడింటికి కొలత పూర్తయింది. సరిగ్గా అప్పుడే మైరీ వచ్చింది, కోటు వేసుకుని, చేతిలో ల్యాబ్ తాళాలూ ఒక ఫారమూ పట్టుకుని. ఐల్సా చెయ్యి తెర మీటని నొక్కింది. తెర నల్లబడింది.

"ఆటంకమా?" అంది మైరీ.

"లేదు, లేదు. రండి."

"ఇదొక్కటీ మిగిలింది. లోరిమర్ గారు పెట్టారు, నీ సంతకం కూడా కావాలట. అయిదింటికి ఆఫీసు కిటికీ మూసేస్తారు." ఫారం బల్ల మీద పెట్టి, వెళ్ళిపోతున్న మనిషి చూసే చూపుతో గది అంతా చూసింది. "నువ్వేం మనసులో పెట్టుకోకు ఐల్సా. నీ తప్పేం లేదు. నా బుర్ర పటాల దగ్గరే ఆగిపోయింది. ఎక్కడ తప్పానో మాత్రం ఇంకా అంతుపట్టలేదు, అదొక్కటే రాత్రిళ్ళు పీకుతోంది. నీకెప్పుడైనా దొరికితే ఒక కార్డు ముక్క రాయి."

"తప్పకుండా," అంది ఐల్సా.

అని, సంతకం చేసింది. తేదీ కూడా వేసింది.

మైరీ థాంక్స్ చెప్పి వెళ్ళింది. అడుగుల చప్పుడు మెట్ల మీద తగ్గుతూ పోయింది. ఐల్సా తెర వెలిగించింది. నీడ ఎక్కడున్నది అక్కడే ఉంది. చేతిలో ఇంకా కలం ఉంది. దాన్ని బల్ల మీద పెడదామనుకుంది, ఎక్కడ పెట్టాలో తోచలేదు. తను చేసిన పని ఇంకెవరైనా చేసి ఉంటే వాళ్ళ గురించి ఏమనేదో, రోరీకి వినబడేలా ఏమనేదో, మాటలతో సహా తెలుసు.

కోటు లేకుండానే బయటికి వచ్చింది. సముద్రం మీది నుంచి తడి పొగమంచు వీధిలోకి ఎక్కి వచ్చింది. చర్చి గోపురం సగం దాకానే కనిపిస్తోంది. ఐల్సా కొండ వాలు వెంట ఆఫీసు వైపు పరిగెత్తింది. నలభై ఒకటో ఏట ఆ వీధిలో పరిగెత్తితే జనం ఆగి చూస్తారు. చూశారు.

ఆఫీసు కిటికీ దగ్గర ముగ్గురున్నారు. మైరీ రెండోది.

"మైరీ, ఆ ఫారం ఇవ్వకండి."

"ఏమైంది? తేదీ తప్పు వేశావా?"

"దిమ్మ లేదు." ఊపిరి అందడం లేదు. "ఫిబ్రవరిలో. కొలిచిన రోజున లోపల దిమ్మ లేదు. వులీ దగ్గర ఉంది. ఇవాళ పెట్టి కొలిచాను. నీడ వచ్చింది. మీరు చెప్పిందే నిజం. నేనే భాగించలేదు."

ముందున్న కుర్రాడు తన పని అయిపోయినా కదల్లేదు. కిటికీ వెనకున్న అమ్మాయి ముద్ర ఎత్తి పట్టుకుని అలాగే ఉంది.  ముందు మైరీ ముఖంలో వచ్చింది కోపం కాదు, వెలుగు. రెండు నెలలుగా వెతికిన వస్తువు చేతికి తగిలినట్టు. తర్వాత ఆ వెలుగు పోయింది.

"ఇవాళ కొలిచావా? ఎన్నింటికి మొదలుపెట్టావు?"

"ఎనిమిదిన్నరకి."

"నేను వచ్చేటప్పటికి తెలుసా నీకు?"

"తెలుసు."

"తెర ఆర్పింది అందుకా?"

"అందుకే."

"తెలిసే సంతకం పెట్టారన్నమాట, అమ్మగారు," అంది మైరీ, గొంతు పెంచకుండా. "కార్డు ముక్క కూడా రాస్తానన్నారు."

 చెప్పడానికి ఐల్సా దగ్గర ఒకటే మాట ఉంది, అవునని. అది ముఖం మీదే రాసి ఉంది.

"దిమ్మ మర్చిపోవడం పొరపాటు ఐల్సా. నేను కూడా ఒకసారి ఒక దీవిని మర్చిపోయాను. మొత్తం దీవి, గొర్రెలతో సహా. సంతకం పొరపాటు కాదు."

"కాదు."

"తర్వాత ఎవరండీ?" అంది కిటికీ అమ్మాయి మెల్లగా.

మైరీ ఫారం వైపు చూసింది. మడిచి కోటు జేబులో పెట్టుకుంది. "నా చెవిలో చెప్పి ప్రయోజనం లేదు. నన్ను ఎక్కడ నవ్వులపాలు చేశావో అక్కడ చెప్పు. నాలుగవుతోంది, అందరూ చేరే ఉంటారు. నీ వెనకే వస్తాను. ఇది కూడా నాతోనే వస్తుంది."

ఇద్దరూ పొగమంచులో కొండ ఎక్కారు. మైరీ రెండడుగులు వెనకే నడిచింది, ఒక్కసారి కూడా పక్కకి రాలేదు.

టీ గదిలో లోరిమర్ కెటిల్ దగ్గర ఉన్నారు. ఐల్సా నల్లబల్ల ముందుకి వెళ్ళి నిలబడితే ఆయన ముఖం వికసించింది. "శుభవార్తా? ఏదైనా పెద్ద ఉపన్యాసానికి పిలిచారా?"

"తప్పు చెప్పాలి," అంది ఐల్సా.

"చేతులు ఖాళీ! రూలు మర్చిపోయావా? కేకు లేని తప్పు చెల్లదు!" అన్నాడు రోరీ. అందరూ నవ్వారు. ఐల్సా తడి జుట్టూ, తలుపుకి ఆనుకుని కోటు తీయకుండా నిలబడ్డ మైరీ కనిపించాక ఒక్కొక్కరే ఆపారు.

ఐల్సా చెప్పింది. గోడ మీద బొమ్మ ఖాళీ ముసుగు బొమ్మ అని చెప్పింది. గడి వైశాల్యంతో భాగించలేదని చెప్పింది. మార్చిలో మైరీ చెప్పింది సరైనదని, ఆ అల్లం కేకు తను చేసుకు రావలసిందని చెప్పింది. ఇంతవరకూ చెప్పి ఆగిపోవచ్చు. గదిలో అప్పటికే జాలి మొదలైంది, ఇంకో నిమిషం ఆగితే ఎవరో ఒకరు భుజం తట్టేవారు. అది గ్రహించే గబగబా చెప్పేసింది: "ఇదంతా తెలిసి కూడా, గంట కిందట మైరీ చదువు మానేసే ఫారం మీద సంతకం పెట్టాను. ఆమెకి కనబడకుండా తెర ఆర్పేసి."

భుజం తట్టడానికి ఎవరూ రాలేదు. రోరీ తన కప్పులోకి చూసుకుంటూ ఉండిపోయాడు. కెటిల్ మరిగి దానంతట అదే ఆగిపోయింది.

లోరిమర్ గొంతు సవరించుకున్నారు. ఏమనాలో తెలియనప్పుడు ఆయన అంకెలు అడుగుతారు. "ముసుగు లేని దిమ్మ నీడలో ఎంత వంతు వచ్చింది?"

"దాదాపు సగం," అంది ఐల్సా.

"సగం రాదు," అంది మైరీ తలుపు దగ్గర నుంచి.  "భాగించకుండా ఆ వలయాలే వాడితే నూటికి అరవై రావాలి. నా మూడో అధ్యాయంలో ఉంది."

అందరూ ఐల్సా వైపు తిరిగారు. ఆమె ముఖం చెవుల దాకా ఎర్రబడింది. ఇంత చెప్పాక కూడా, ఏ అవసరమూ లేకుండానే, పది పాళ్ళు మింగేసింది.

"అరవై ఒకటి," అంది.

మైరీ తల ఊపలేదు, నవ్వలేదు. గది మధ్య నుంచి నడిచి వచ్చి సుద్దముక్క అందుకుంది.

"పక్కకి జరుగు."

ఐల్సా జరిగింది. మైరీ పై నుంచి మొదలుపెట్టింది. ముందు చదరపు గళ్ళు, తర్వాత వంగిన గళ్ళు, ఆ పక్కన ఒక్కో గడి వైశాల్యం. కోటు మాత్రం విప్పలేదు. చెయ్యి ఎత్తి రాస్తున్నప్పుడల్లా జేబులోంచి ఫారం అంచు పైకి వస్తూనే ఉంది.